శ్రావణానికి ముందు ఒక ఉత్తరం

ఎల్బీ నగర్,
ఆషాఢ మాసం.

చిరంజీవి చిన్నాకు చిన్నాన్న ఆశీస్సులు.

నువ్వు హాస్టల్లో వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత మన ఎల్బీ నగరే. ఇంత దగ్గరుండి ఉత్తరమేమిటని అనుకోకు. మొన్న గడపలో చెప్పులేసుకుంటూ నువ్వడిగిన ప్రశ్నకు నిలబడి చెప్పగల జవాబు లేదు. "సర్వర్ల కోర్సు అయిపోయింది కదా చిన్నాన్నా, శ్రావణం నుంచి మన పెండ్లి లైవ్‌ల ఎన్‌కోడింగ్ మొత్తం క్లౌడ్‌కు మార్చేద్దామా?" అన్నావు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, కెమెరాలు బీరువాలో ఉన్నాయి, నాకు తీరిక దొరికింది. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదువుతావని రాస్తున్నాను.

మార్చేద్దాం. అయితే ఏ పని క్లౌడ్‌కు పంపాలో, ఏది మన చేతిలోనే ఉంచుకోవాలో ముందు తేల్చుకుందాం. దీనికి నేనింత పట్టుబట్టడానికి కారణం ఒక నానమ్మ.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడింది. ఆ తర్వాత పెండ్లికి 50 మందికి మించి ఉండొద్దన్నారు. అంతవరకు మనది ఆల్బమ్, పెన్‌డ్రైవ్‌ల పని. ఆ వేసవిలో ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగింది లైవ్ లింకే. నాగోలులో ఒక పెండ్లి ఒప్పుకున్నాను. ఇంటి డాబా మీద పందిరి, మే నెల ఎండ. పెండ్లికూతురి నానమ్మ చౌటుప్పల్ దగ్గర పల్లెలో ఉండిపోయింది. ఆమె కోసమే ఆ లైవ్. రెండు కెమెరాల మిక్సింగ్, ఎన్‌కోడింగ్, రికార్డింగ్ అన్నీ ఒక్క ల్యాప్‌టాప్ మీద పెట్టాను. జీలకర్ర బెల్లం దాకా బాగానే నడిచింది. తర్వాత ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదించింది, బొమ్మ ఆగిపోయింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టేసరికి మూడు ముళ్ళూ పడిపోయాయి. ఆ ముసలమ్మ తన మనవరాలి మాంగల్యధారణను మరునాడు కెమెరా కార్డులోని రికార్డింగ్‌లో చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అయినా అది నా మనసులోంచి పోలేదు. ఆల్బమ్‌లో ఒక ఫొటో చెడితే ఇంకొకటి పెట్టవచ్చు. లైవ్‌లో పోయిన నిమిషం ఎవరి చేతుల్లోనూ ఉండదు. నేను ఎన్‌కోడింగ్ గురించి చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

నీకు కోర్సులో సర్వర్లు నేర్పారు. బొమ్మ సంగతి నేను చెబుతాను. ఫుల్ హెచ్‌డీ బొమ్మను ఏమీ తగ్గించకుండా, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన పంపాలంటే 620 మెగాబిట్లకు పైగా కావాలి. మనం పంపేది 6. అంటే నూరు పాళ్ళలో ఒక పాలు. 2003లో ప్రమాణంగా వచ్చిన హెచ్.264 ఇట్లా కుదించే పనిని, అంటే ఎన్‌కోడింగ్‌ను, ఎట్లా చేస్తుందో గుర్తుపెట్టుకో. ఒక ఫ్రేముకూ దాని పక్క ఫ్రేముకూ తేడా కొంచెమే ఉంటుంది కాబట్టి ఆ తేడాను మాత్రమే రాసి పంపుతుంది. మండపం కదలదు, వెనక పూలదండలు కదలవు. పంతులుగారి చేయి, పెండ్లికొడుకు తల కదులుతాయి. అందుకే 6 మెగాబిట్లు చాలుతున్నాయి.

ఇక తలంబ్రాలు తలుచుకో. వేల గింజలు ఒకేసారి గాల్లోకి లేస్తాయి, ఒక్కొక్కటి ఒక్కో దిక్కు. ఏ ఫ్రేమూ దాని పక్క ఫ్రేములా ఉండదు. తేడా రాసి పంపుదామంటే అంతా తేడానే. ఉన్న 6 మెగాబిట్లలో అది పట్టక బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతుంది. సంగీత్‌లో పొగ, మెరిసే లైట్లు, కాగితపు ముక్కల వాన, అన్నీ ఇదే జాతి. పొద్దున ఖాళీ మండపం మీద కెమెరా పెట్టి "బొమ్మ బ్రహ్మాండంగా ఉంది" అనుకుంటే మోసపోతాం. పెండ్లిలో అందరూ ఎదురుచూసే ఘట్టమే ఎన్‌కోడర్‌కు అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. నీ సెట్టింగులన్నీ దాన్ని తట్టుకునేలా పెట్టుకో.

ఇప్పుడు క్లౌడ్ ఎందుకో చెబుతాను. చూసేవాళ్ళందరి ఇంటర్నెట్ ఒకలా ఉండదు. డల్లాస్‌లో బాబాయి పెద్ద టీవీలో 1080పీ చూస్తాడు. సూర్యాపేట దారిలో బస్సులో ఉన్నవాడికి 360పీ దొరికితే గొప్ప. ఒకే లైవ్‌ను 1080, 720, 480, 360 అని నాలుగు సైజుల్లో తయారుచేసి ఉంచితే, ఎవరి ఫోన్ దానికి తగినది తీసుకుంటుంది. ఆ నాలుగూ హాల్లోనే తయారుచేస్తే 6, 3, 1.2, 0.6 కలిపి దాదాపు 11 మెగాబిట్లు పైకి పంపాలి, ల్యాప్‌టాప్ ఇంకెంతో ఎక్కువ శ్రమపడాలి. క్లౌడ్‌లో అయితే మంచి బొమ్మ ఒక్కటి 6 మెగాబిట్లతో పంపిస్తే చాలు, మిగతావి అక్కడ తయారవుతాయి. ఫంక్షన్ హాల్లో అప్‌లోడ్ ఎప్పుడూ సన్నటి గొట్టమే. ఆ గొట్టం మీద భారం తగ్గించడమే క్లౌడ్ మనకు చేసే అసలు మేలు.

యూట్యూబ్ కూడా చేసేది ఇదే. మనం ఒక్క బొమ్మ పంపితే అన్ని సైజులూ వాళ్ళ సర్వర్లలో తయారవుతాయి, పైసా తీసుకోరు. కాబట్టి మామూలు పెండ్లికి యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ లింకు చాలు. సొంత క్లౌడ్ ఉందని పార్టీకి అవసరం లేని ఖర్చు చెప్పకు. కొత్త ఛానెల్‌కు మొదటిసారి లైవ్ అనుమతి రావడానికి 24 గంటల దాకా పడుతుందని మాత్రం మరచిపోకు. సొంత క్లౌడ్ కావలసిన చోట్లు వేరే ఉన్నాయి. బ్యాండువాళ్ళు సినిమా పాట అందుకుంటే యూట్యూబ్‌లో కాపీరైట్ కింద లైవ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. మా ఇంటి ఆడపిల్ల పెండ్లి పాస్‌వర్డ్ లేకుండా ఎవరికీ కనపడొద్దనే కుటుంబాలుంటాయి. నీ హాస్టల్ చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లను చూడు. ఫీజు కట్టిన పిల్లలకే క్లాసు కనపడాలి కదా. క్లాసు బొమ్మ లెక్క పెండ్లి లెక్కకు పూర్తిగా ఎదురు. బోర్డు కదలదు, కాబట్టి 720పీకి ఒకటి, ఒకటిన్నర మెగాబిట్లే చాలు. కానీ అక్షరం అంచు చెదరకూడదు, సారు గొంతు తెగకూడదు. ఊళ్ళో పొలం గట్టున కూర్చుని గ్రూప్స్‌కు చదివే పిల్ల ఆ అక్షరం మీదే ఆధారపడి ఉంటుంది.

సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. చూసేవాళ్ళు అమెరికాలో ఎక్కువమంది ఉన్నారని సర్వర్ అక్కడ పెట్టకు. ఎన్‌కోడింగ్ మెషీన్ కెమెరాకు దగ్గరగా ఉండాలి. హాలు నుంచి సర్వర్ దాకా దారి మనది, దానిలో ప్రతి గతుకూ బొమ్మలో కనపడుతుంది. సర్వర్ నుంచి చూసేవాళ్ళ దాకా మోసుకుపోవడానికి, వాళ్ళకు దగ్గర్లో కాపీలు ఉంచే సీడీఎన్‌లు ఉన్నాయి. నేను మొదలుపెట్టినప్పుడు అమెజాన్ క్లౌడ్‌కు మన దేశంలో ఉన్నది 2016 జూన్‌లో తెరిచిన ముంబయి రీజియన్ ఒక్కటే. 2022 నవంబరు 22న హైదరాబాద్ రీజియన్ మూడు అవైలబిలిటీ జోన్లతో మొదలైంది. దానికోసం అమెజాన్ పెడుతుందని 2020 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన పెట్టుబడి 20,761 కోట్ల రూపాయలు. దాని డేటా సెంటర్లకు ఎంచుకున్న చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేట మన రంగారెడ్డి జిల్లా ఊళ్ళే. ఎల్బీ నగర్ నుంచి అక్కడికి పోయి రావడానికి సిగ్నల్‌కు కొన్ని మిల్లీసెకన్లే. అమెరికా తూర్పు తీరానికైతే 200 దాటుతుంది. అయితే అన్ని సర్వీసులూ అన్ని రీజియన్లలో ఉండవు. నీకు కావలసింది హైదరాబాద్‌లో ఉందో, ముంబయికి పోవాలో బుకింగ్ ఒప్పుకునే ముందే చూసుకో.

హాలు నుంచి సర్వర్‌కు పంపే పద్ధతి కూడా ముఖ్యమే. ఆర్‌టీఎంపీ పాతది, అందరికీ అలవాటైనది. కానీ దారిలో ప్యాకెట్లు పోతే అది వాటికోసం ఆగిపోతుంది, వెనక వచ్చేవి పేరుకుపోతాయి. ఎస్ఆర్‌టీ అట్లా కాదు. పోయినవాటిని మళ్ళీ తెప్పించుకోవడానికి మనం ఇచ్చిన గడువు దాకా ప్రయత్నిస్తుంది, గడువు దాటితే వదిలేసి ముందుకు పోతుంది. హైవిజన్ అనే సంస్థ దీన్ని తయారుచేసి 2017లో అందరికీ ఉచితంగా తెరిచింది. మొబైల్ నెట్ మీద నడిచే మనలాంటివాళ్ళకు అది పెద్ద ఉపకారం. పెండ్లి లైవ్‌లో ఒకటి రెండు సెకన్ల ఆలస్యం ఎవరికీ పట్టదు కాబట్టి గడువు ధారాళంగా ఇవ్వు.

ఏ పద్ధతయినా సిగ్నల్ ఉంటేనే కదా. పొద్దున ఏడింటికి ఖాళీ హాల్లో సిమ్ మీద అప్‌లోడ్ 20 మెగాబిట్లు చూపిస్తుంది. పదింటికి వెయ్యిమంది వస్తారు, వెయ్యి ఫోన్లూ అదే టవర్ మీద పడతాయి, అందరూ స్టేటస్ పెడతారు. నీ 20 కాస్తా 3 అవుతుంది. సరిగ్గా ముహూర్తం అప్పుడే. కాబట్టి హాలువాళ్ళ బ్రాడ్‌బ్యాండ్‌కు వైరుతో కలుపు, వైఫైతో కాదు. దానికి తోడు వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు పెట్టుకో. జనం నిండిన మరో ఫంక్షన్ రోజున అదే హాలుకు వెళ్ళి కొలువు. వచ్చినదాంట్లో సగమే నీదనుకుని బిట్‌రేట్ పెట్టు. మైక్‌సెట్ ఆయనను ముందే పలకరించి మిక్సర్ నుంచి నేరుగా లైను తీసుకో. కెమెరా మైకులో సన్నాయి పగిలిపోతుంది, మంత్రం వినపడదు. దూరంగా ఉన్నవాళ్ళు బొమ్మ కొంచెం మసకబారినా సర్దుకుంటారు. మంత్రం తెగితే పెండ్లి చూసినట్టే ఉండదు.

ఇక నీకు ఇష్టమైన సర్వర్ దగ్గరికి వద్దాం. దారులు రెండు. అమెజాన్ అద్దెకిచ్చే ఈసీ2 మెషీన్ తీసుకుని దాని మీద ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఎన్‌కోడింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుకోవడం ఒకటి. 2017 నవంబరులో అమెజాన్ తెచ్చిన మీడియాలైవ్ లాంటి తయారు సర్వీసు వాడుకోవడం రెండోది. సొంత మెషీన్ చవక, కానీ కాపలా నీదే. మీడియాలైవ్‌లో స్టాండర్డ్ ఛానెల్ తీసుకుంటే ఒకే లైవ్ రెండు వేర్వేరు జోన్లలో ఒకేసారి ఎన్‌కోడ్ అవుతుంది, ఒకటి పడిపోయినా రెండోది నడుస్తుంది. సింగిల్ పైప్‌లైన్ చవక, ఆ ధైర్యం ఉండదు. పార్టీతో మాట్లాడేటప్పుడు ఆ తేడా విప్పి చెప్పి, ఏది కావాలో వాళ్ళనే ఎంచుకోనివ్వు.

సొంత మెషీన్ తీసుకుంటే మూడు చోట్ల జాగ్రత్త. చవకగా కనపడే టీ రకం మెషీన్లు సీపీయూ క్రెడిట్ల మీద నడుస్తాయి. మొదట కొంతసేపు గుర్రంలా పరిగెత్తి, క్రెడిట్లు అయిపోగానే నెమ్మదిస్తాయి, లేకపోతే అదనపు బిల్లు వేస్తాయి. మూడు గంటల పెండ్లికి అవి పనికిరావు, సీ రకం తీసుకో. రెండోది స్పాట్ మెషీన్. ధర చాలా తక్కువ, కానీ వాళ్ళకు అవసరమైతే రెండు నిమిషాల నోటీసుతో వెనక్కి తీసుకుంటారు. పెండ్లి అయ్యాక సినిమా కట్ చేసుకునేటప్పుడు వాడుకో, లైవ్‌కు ఎప్పటికీ వద్దు. మూడోది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ తెర మీద స్పీడ్ అంకె. అది 1 దగ్గర నిలబడాలి. 0.97కు దిగిందంటే గంటకు దాదాపు రెండు నిమిషాలు వెనకబడుతున్నావని అర్థం. ఆ అంకె మీద నుంచి కన్ను తీయకు.

పూర్తి బొమ్మను పంపే కీఫ్రేము రెండు సెకన్లకు ఒకటి చొప్పున, అన్ని సైజుల్లోనూ ఒకే చోట పడాలి. అప్పుడే ఫోన్ ఒక సైజు నుంచి ఇంకో సైజుకు కుదుపు లేకుండా మారుతుంది. లైవ్‌ను ముక్కలుగా పంపే హెచ్ఎల్ఎస్‌లో ఒక్కో ముక్క ఆరు సెకన్లు పెడితే, ఫోన్ మూడు ముక్కలు చేరాక ఆడిస్తుంది కాబట్టి 20 సెకన్ల దాకా ఆలస్యం సహజం. ఈ సంగతి ఇంటివాళ్ళకు ముందే చెప్పు. హాలు నుంచి వచ్చిన ఫోన్‌లో ఒక చెవిన గట్టిమేళం వినపడుతుంటే తెర మీద ఇంకా పంతులుగారు మంత్రం చదువుతుంటారు. చెప్పకపోతే లైవ్ పాడయిందని కంగారుపడతారు.

డబ్బు లెక్క నువ్వే వేయాలి, చిన్నా. క్లౌడ్‌లోకి పంపేదానికి ఖర్చు లేదు. మెషీన్‌కు గంటల లెక్క, అది పెద్దది కాదు. పెద్ద బిల్లు బయటికి పోయే డేటాది. 2.5 మెగాబిట్ల బొమ్మ ఒకరు ఒక గంట చూస్తే 1.1 జీబీ. మూడు వందల మంది మూడు గంటలు చూస్తే వెయ్యి జీబీ దాటుతుంది. ఉచిత కోటాను లెక్కలోకి తీసుకోకపోతే, మన దేశం నుంచి జీబీకి సుమారు 11 సెంట్ల చొప్పున అది 110 డాలర్లు. ఇది తెలియకుండా మూడు వేల రూపాయలకు లైవ్ ఒప్పుకుంటే చేతి డబ్బు పడుతుంది. ఒకసారి పెండ్లి అయిన అలసటలో మెషీన్ ఆపకుండా ఇంటికొచ్చి పడుకున్నాను. బిల్లు చూసినప్పుడు గాని గుర్తురాలేదు, పన్నెండు రోజులు ఉత్తగా తిరిగింది. అప్పగింతలు అయ్యాక మనకు మిగిలే పని సర్వర్ ఆపడమేనని గోడ మీద రాసి పెట్టుకున్నాను. బడ్జెట్ అలారం పెట్టుకో.

పెద్ద లైవ్‌లు ఎట్లా నడుస్తాయో కూడా చదువు. 2019 జూలైలో క్రికెట్ ప్రపంచకప్ భారత్, న్యూజిలాండ్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. 2023 నవంబరు 19 ప్రపంచకప్ ఫైనల్‌కు అది 5.9 కోట్లయింది. ఆ సెమీఫైనల్లో ధోనీ రనౌట్ కాగానే కోట్లమంది ఒక్కసారిగా వెళ్ళిపోయారు. వెళ్ళేవాళ్ళంతా వెనక్కి నొక్కి హోమ్ పేజీ మీద పడితే, ఆ భారాన్ని కూడా సర్వర్లు మోయవలసి వచ్చింది. మన పెండ్లికీ జనం రాకడ అట్లాగే ఉంటుంది. తొమ్మిదింటికి పదిమంది చూస్తారు. జీలకర్ర బెల్లం అని కుటుంబ గ్రూపులో ఒక్క మెసేజ్ పడగానే మూడు వందల మంది వస్తారు. పొద్దున పదిన్నర ముహూర్తం న్యూజెర్సీలో అర్ధరాత్రి. అలారం పెట్టుకుని లేచి కూర్చుంటారు. వాళ్ళందరినీ నీ ఒక్క మెషీన్ మీదికి రానివ్వకు, మధ్యలో సీడీఎన్ ఉండాలి.

ఇంకొక్క మాట. ఎప్పుడో ఒకసారి దశదిన కర్మకు కూడా లైవ్ అడుగుతారు. కొడుకు వీసా కారణంగా రాలేకపోతాడు. అక్కడ మన పేరు, ఫోన్ నంబరు తెర మీద వేయకు. ప్రకటనలు వచ్చే చోట లింకు పెట్టకు. వాళ్ళు చెప్పిన రోజున రికార్డింగ్ క్లౌడ్ నుంచి తీసేసి, తీసేశానని ఫోన్ చేసి చెప్పు. వాళ్ళ ఇంటి బొమ్మ మన దగ్గర దాచుకోవడానికి ఇచ్చింది కాదు.

ఏ సర్వర్ వాడినా, కెమెరా పక్కన మెమరీ కార్డు మీద పూర్తి నాణ్యతతో రికార్డింగ్ నడుస్తూనే ఉండాలి. నాగోలు నానమ్మకు మరునాడైనా చూపించగలిగింది ఆ కార్డు ఒక్కటే. సైజులు తయారుచేయడం, మోసుకుపోవడం క్లౌడ్‌కు అప్పజెప్పు. హాలు నుంచి పోయే మొదటి బొమ్మ, మంత్రం శబ్దం, కార్డు, లెక్క, ఇంటివాళ్ళకు ఇచ్చిన మాట, ఇవి నీ చేతిలోనే ఉంచుకో.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. మేడ మీద రెండు కెమెరాలూ పెడతాను. హైదరాబాద్ రీజియన్‌లో మెషీన్ నువ్వు సిద్ధం చేసి ఉంచు. మీ చిన్నమ్మ రెండు కిలోల బియ్యానికి పసుపు కలిపి ఇస్తానంది. దోసిళ్ళతో గాల్లోకి ఎగరేస్తూ 4 మెగాబిట్లకు ఒకసారి, 6కు ఒకసారి, 8కి ఒకసారి పంపిద్దాం. చౌటుప్పల్ దగ్గర ఆ నానమ్మ తన ఫోన్‌లో చూస్తే గింజ గింజగా కనపడే అంకె ఏదో, శ్రావణంలో మొదటి పెండ్లికి అదే పెడదాం. ఆమెను అడిగాను, సరేనంది.



ఇట్లు,
నీ చిన్నాన్న